పాత బడి పక్కన కొత్త భవనం: ఏ బరువు ఎవరు మోయాలి?

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యే రోజుల్లో, పదకొండు గంటల ఎండలో నడిచొచ్చి గుంటూరులోనో విజయవాడలోనో ఒక పాత స్కూలు వరండాలో అడుగుపెడితే తేడా ఒంటికే తెలిసిపోతుంది. అడుగున్నర మందం గోడలు, పదిహేను పదహారు అడుగుల ఎత్తున పైకప్పు, పైకి చేరిన వేడిగాలి పోవడానికి గోడలో వదిలిన చిన్న వెంటిలేటర్లు, ముందు వరండా, వీలైతే వెనక కూడా ఇంకొకటి. కరెంటు ఫ్యాను రాకముందు కట్టినవి కాబట్టి గాలి సంగతి గోడలే చూసుకునేలా కట్టారు. అదే ఆవరణలో ముప్పై నలభై ఏళ్ల కిందట వేసిన స్లాబు గదిలోకి వెళ్తే పైనుంచి వేడి దిగుతుంటుంది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, పిల్లలు నోటుబుక్కులతో విసురుకుంటూనే ఉంటారు.

గదులు చాలడం లేదన్న మాట వచ్చినప్పుడల్లా ఇలాంటి స్కూళ్లలో రెండు వాదనలు లేస్తాయి. పాతది శిథిలమైంది, కూల్చేసి మూడంతస్తులు లేపుదాం అనేది ఒకటి. తాతల నాటిది, ఇటుక కూడా కదపొద్దు అనేది రెండోది. మొదటి వాదన గెలిస్తే బర్మా టేకు దూలాలు వేలంపాటకు పోతాయి. రెండోది గెలిస్తే భవనం మీద గౌరవం పెరుగుతుంది గానీ పిల్లలకు మరుగుదొడ్డి రాదు, ర్యాంపు రాదు, కొన్నాళ్లకు ఆ భవనానికి తాళం పడుతుంది. మూడో దారి ఉంది. కొత్త భవనం అంటే అదనపు గదులు అనుకోవడం మానేసి, పాత భవనం మోయలేని బరువులన్నీ మోయడానికి కడుతున్న భవనం అనుకోవాలి. నీళ్లు, మరుగుదొడ్లు, మెట్లు, లిఫ్టు, కంప్యూటర్లు, ఏసీలు, కరెంటు ప్యానెల్ బోర్డు కొత్తదానికి. పాఠం చెప్పుకునే గది, వరండా, ముందున్న ప్రార్థన మైదానం పాతదానికి. ఈ పంపకం కాగితం మీద ముందే తేలితే మిగతా నిర్ణయాలు చాలావరకు దాన్నిబట్టే కుదురుతాయి.

ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. ఆంధ్ర క్రైస్తవ కళాశాల, అందరూ ఏసీ కాలేజీ అనేది, 1885లో మొదలైంది. విజయవాడ బందరు రోడ్డులో విక్టోరియా రాణి జూబ్లీ పేరిట భవనానికి 1887లో పునాది పడింది. 1921 బెజవాడ కాంగ్రెస్ సమావేశాల వేళ పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన చరిత్ర ఆ భవనంతోనే ముడిపడి ఉంది. మరమ్మతుల తర్వాత 2020లో అది బాపు మ్యూజియంగా మళ్లీ తెరుచుకుంది. మన దేశంలో సిమెంటు తయారీ గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో నిలదొక్కుకున్నది 1914 ప్రాంతంలో. అంతకుముందు కట్టిన బడులు, ఆ తర్వాత కొన్నాళ్లు కట్టినవి కూడా, ఇటుక, గానుగ సున్నం, టేకు మీద నిలబడ్డవే. ఈ ఒక్క సంగతి మరిచిపోయి పక్కన కాంక్రీటు కట్టడం వల్లే చాలా పాత బడులు దెబ్బతిన్నాయి.

అసలు లెక్క ర్యాంపుతో మొదలుపెడితే మంచిది. పాత స్కూలు బేస్‌మెంటు నేలకు మూడడుగుల ఎత్తున ఉందనుకుందాం. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లాడు తనంతట తాను ఎక్కగలగాలంటే ర్యాంపు వాలు 1:12 మించకూడదు. అంటే మూడడుగుల ఎత్తుకు ముప్పై ఆరు అడుగుల పొడవు. మధ్యలో ఆగడానికి ఐదడుగుల చదును కలిపితే నలభై ఒక్క అడుగు. దీన్ని తెచ్చి పాత భవనం ముందు అతికిస్తే ముందరి మెట్లు సగం మూసుకుపోతాయి. ఆ మెట్లు ఎవరికీ చిన్నవి కావు. పదో తరగతి గ్రూప్ ఫోటో తీసేది వాటి మీదే. హెడ్మాస్టారు మధ్యలో కుర్చీలో, అటూ ఇటూ టీచర్లు, వెనక మెట్ల వరసల్లో పిల్లలు. యాభై ఏళ్ల కిందటి ఫోటో, నిరుటి ఫోటో పక్కపక్కన పెడితే మనుషులు మారతారు, మెట్లు మారవు. అందుకే ర్యాంపు కొత్త భవనంలోంచి రావాలి. కొత్త బ్లాకులో ఎక్కి, రెండు భవనాలను కలిపే దారిలో నడిచి పాత వరండాలోకి దిగకుండానే చేరాలి. అలా చేస్తే ర్యాంపు వికలాంగుల కోసం పక్కన తగిలించిన వస్తువులా ఉండదు, అందరూ నడిచే దారవుతుంది. అడ్డంకుల్లేని బడి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా గట్టిగా చెప్పింది. గేటు దగ్గర నుంచి క్లాసు బెంచీ దాకా ఎవరూ ఎత్తుకోకుండా పిల్లాడు చేరగలిగినప్పుడే ఆ చట్టాలు అమలైనట్టు.

అయితే మూడడుగుల బేస్‌మెంటు ఇబ్బందిగా ఉందని కొత్తదాన్ని నేల మట్టానికి దించేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కాలువల ఊళ్లో పాతవాళ్లు అంత ఎత్తు ఊరికే పెట్టలేదు. కొత్త భవనం కూడా పాతదాని మట్టానికే లేవాలి. కరెంటు ప్యానెల్, రికార్డుల గది, సైన్సు ల్యాబు కింది అంతస్తులో ఉండకపోతే ఇంకా మేలు.

మెట్ల సంగతి ఇంతకంటే ముఖ్యం. చాలా పాత బడుల్లో పై అంతస్తుకు ఒకటే చెక్క మెట్ల దారి ఉంటుంది. 2004 జులై 16న కుంభకోణం బడి అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు చనిపోయారు. బయటపడే దారి లేకపోవడం ఎంత ప్రాణాంతకమో అక్కడ చూశాం. 2009లో సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నిటికీ భద్రతా ప్రమాణాలు తప్పనిసరి అంది. పాత భవనం లోపల రెండో మెట్లు వేయాలంటే టేకు దూలాలు కోయాలి, గోడ తొలవాలి. కొత్త బ్లాకులో వెడల్పాటి కాంక్రీటు మెట్లు కట్టి పై వరండా చివర తలుపు తెరిస్తే పాత భవనానికి రెండో దారి దొరుకుతుంది, ఒక్క దూలం కూడా పోదు. అదనపు గదుల అవసరం లేకపోయినా ఈ ఒక్క కారణానికే కొత్త కట్టడం సమర్థనీయం.

నీళ్ల ట్యాంకు గురించి ఒక మాట. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండితే టన్ను బరువు. మద్రాసు టెర్రస్ అనే పాత మిద్దె ఎలా ఉంటుందంటే, టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా చెక్క దంతెలు, ఆపైన ఐమూలగా నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, వాటి మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం కాంక్రీటు. వాన నీరు జారిపోవడానికి, మనుషులు నాలుగడుగులు వేయడానికి కట్టింది అది. దానిమీద రెండు ట్యాంకులు పెట్టి, కింద గోడకు గాడి కొట్టి పైపులు దింపిన బడులు మన చుట్టుపక్కల ఎన్నో. ట్యాంకు కారినచోట దూలం తల గోడలోనే కుళ్లుతుంది, కింద నుంచి చూసేవాళ్లకు ఏమీ కనబడదు. నీటికి సంబంధించిన ప్రతిదీ కొత్త భవనంలోకి పోవాలనడానికి ఇదే కారణం. కరెంటు తీగలకూ అదే పద్ధతి. సున్నపు గోడకు గాడి కొట్టే బదులు పైనే పైపులో తీగలు నడిపితే చూడటానికి కాస్త ఎబ్బెట్టుగా ఉండొచ్చు, గోడ మాత్రం బాగుంటుంది.

ఇక నేల. గుంటూరు చుట్టూ నల్లరేగడి ఎంత పత్తి పండించిందో అంతమంది ఇళ్ల గోడలు చీల్చింది. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వందేళ్ల భవనం ఆ ఉబ్బూ ముడతలకు ఎప్పుడో సర్దుకుని, దిగాల్సినంత దిగి కూర్చుంది. పక్కన లేచే కొత్త భవనం దిగడం ఇప్పుడే మొదలుపెడుతుంది. రెండింటినీ గోడకు గోడ కలిపేసి, సిమెంటుతో సందు పూడ్చేస్తే రెండేళ్లలో ఆ అతుకు వెంట పగులు వస్తుంది. అప్పుడు నింద పాత భవనం మీద పడుతుంది.

తవ్వకం ఇంకా ప్రమాదం. పాత పునాది నాలుగడుగుల లోతున ఆగిపోయిందనుకుందాం. కొత్త పిల్లర్ల ఫూటింగుకు, అంటే పునాది దిమ్మెకు, ఎనిమిది అడుగులు తవ్వాలన్నారు. తేడా నాలుగడుగులు. భారతీయ ప్రమాణాల లెక్క ప్రకారం రెండు పునాదుల అంచులను కలిపే గీత, ఒకటి కిందకు దిగితే రెండు పక్కకు జరిగేంత వాలులో ఉండాలి, అంతకంటే నిటారుగా ఉండకూడదు. అంటే కొత్త పునాది కనీసం ఎనిమిది అడుగుల దూరంలో మొదలవ్వాలి. స్థలం పోతోందని గోడ పక్కనే ప్రొక్లెయిన్ దింపితే పాత పునాది కింది మట్టి గుంతలోకి జారుతుంది. ఆ ఎనిమిది అడుగులను వృథా అనుకోనక్కర్లేదు. పిల్లర్లు దూరంగా పెట్టి, పైన స్లాబును ముందుకు చాపి పాత వరండా దాకా తెస్తే కింద గాలి ఆడే సందు, పైన కలిపే దారి రెండూ వస్తాయి. లేదంటే అండర్ రీమ్‌డ్ పైల్స్ వేయొచ్చు. ఆగర్ అనే తొలిచే పరికరంతో పదకొండు పన్నెండు అడుగుల లోతుకు రంధ్రం తొలిచి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. నల్లరేగడి ఉబ్బూ ముడతలు పెద్దగా ఉండని లోతు అది. పెద్ద గుంత అక్కర్లేదు, అదురు ఉండదు. సుత్తితో దిగ్గొట్టే పైల్స్ మాత్రం పాత భవనం దరిదాపుల్లోకి రాకూడదు. గుంటూరు, విజయవాడ రెండూ 2016 ప్రమాణాల ప్రకారం భూకంపాల మూడో జోన్‌లోనివే. ఊగినప్పుడు ఇటుక భవనం ఒకలా, కాంక్రీటు ఫ్రేము ఇంకోలా ఊగుతాయి. అందుకని రెండూ ఢీకొట్టుకోనంత ఖాళీ మధ్యలో తప్పనిసరి. ఎన్ని అంగుళాలన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కేసి చెప్పాలి, మేస్త్రీ అంచనాకు వదిలే విషయం కాదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని చాలా చవకైనది. పాత గోడల్లో ఉన్న ప్రతి పగులు మీద నాలుగంగుళాల పలచని గాజు ముక్క అడ్డంగా పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దతో అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాయాలి. నెలకోసారి చూడాలి. గాజు చిట్లిందంటే పగులు కదులుతోంది. వెడల్పు కొలిచి రాసుకుని కొత్త ముక్క అతికించాలి. మే నెలలో విచ్చుకుని సెప్టెంబరులో మూసుకునే పగులు నల్లరేగడిది, దానితో బతకొచ్చు. ఏడాది పొడవునా ఒకే వైపు పెరిగే పగులు వేరే జబ్బు, దాన్ని తేల్చకుండా పక్కన తవ్వకూడదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రెండూ చూడాలి కాబట్టి ఇది ఏడాది పని. బడ్జెట్ వచ్చింది, మార్చిలోపు ఖర్చు పెట్టాలి అన్న టెన్షన్‌లో ఈ ఏడాదినే ఎగ్గొడతారు. డిజైన్ గీసే ఏడాదే గాజు ముక్కల ఏడాది కూడా కావచ్చు, ఆలస్యం అసలుండదు.

అంతస్తుల ఎత్తు దగ్గర చాలా డిజైన్లు తప్పుతాయి. పాత భవనం రెండంతస్తులు, ఒక్కోటి పదహారు అడుగులు, మొత్తం ముప్పై రెండు. అదే ఎత్తులో మూడు అంతస్తులు పడతాయని కాంట్రాక్టరు సంబరపడతాడు, ఒక్కోటి పది అడుగుల ఎనిమిది అంగుళాలు. గది సంఖ్య పెరిగింది, భవనాల తలలు సమానంగా ఉన్నాయి, బొమ్మలో చూడముచ్చటగా ఉంది. కానీ పాత మొదటి అంతస్తు పదహారు అడుగుల మీద ఉంటే కొత్త అంతస్తులు పది అడుగుల ఎనిమిది అంగుళాల మీద, ఇరవై ఒక్క అడుగుల నాలుగు అంగుళాల మీద ఉంటాయి. ఎక్కడా కలవవు. కలపడానికి మధ్యలో ఐదడుగులకు పైగా ఎత్తు మెట్లు వేస్తారు, చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోతుంది. ప్రమాదం జరిగి పిల్లలు పరుగెత్తేటప్పుడు తడబడేదీ అక్కడే. పిల్లలు నడిచేచోట నేలలు కలవాలి, తలలు కలవకపోయినా నష్టం లేదు. కొత్తదానికి కింది అంతస్తు పదహారు అడుగులే పెట్టి అక్కడ మధ్యాహ్న భోజనం హాలో, లైబ్రరీయో, ప్రార్థనకు వానాకాలం వాడుకునే హాలో పెడితే ఆ ఎత్తు సార్థకమవుతుంది. దాని మీద మామూలు ఎత్తు అంతస్తులు రెండు వేసుకోవచ్చు. పైది ముందు గోడ నుంచి పదడుగులు వెనక్కి జరిపితే మైదానంలో నిలబడిన వాళ్లకు పాత పిట్టగోడ వరసే కనిపిస్తుంది.

చూపుల విషయానికి వస్తే అభిప్రాయాలు చాలా ఉన్నాయి. చారిత్రక కట్టడాలపై 1964 వెనిస్ చార్టర్ అనే అంతర్జాతీయ నియమావళి కొత్తగా చేర్చినది కొత్తదని తెలియాలంటుంది. మన దేశంలో వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ 2004లో తెచ్చిన చార్టర్ ఇక్కడి మేస్త్రీల పనితనం ఇంకా బతికే ఉందని గుర్తించి, పాత పద్ధతిలో కట్టడాన్ని కూడా తప్పుగా చూడదు. రెండింటిలోనూ న్యాయముంది. నిజమైన ఇటుక కమాను వేయగల మేస్త్రీ దొరికి, వేయించే ఓపిక ఉంటే వేయించొచ్చు. కాంక్రీటు బీము ముందు సిమెంటుతో కమాను ఆకారం పులిమి పాతదానిలా పెయింటు కొట్టడం మాత్రం పాత భవనానికి అవమానం. కమాను బరువు మోస్తుంది కాబట్టే అందంగా ఉంటుంది. ఈ పులిమింది ఏదీ మోయదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా అద్దాల గోడ పెట్టేవాళ్లున్నారు. పాత భవనం అద్దంలో కనిపిస్తుందని చెబుతారు. విజయవాడ ఎండలో అద్దాల క్లాసురూము ఎలా ఉంటుందో మే నెలలో ఏ షోరూము ముందు నిలబడినా తెలుస్తుంది. ఇక్కడి సూర్యుడి లెక్క చూడాలి. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం చివరిలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. మధ్యలో ఉన్న మూడు నెలలూ కాస్త ఉత్తరం వైపు నుంచే కొడతాడు. అంటే ఉత్తరపు కిటికీకి నీడ అక్కర్లేదన్న పాఠం ఇక్కడ పనికిరాదు. మిట్టమధ్యాహ్నం ఎండకు రెండడుగుల సన్‌షేడ్ చాలు. ఉదయం తొమ్మిదికి తూర్పు నుంచి, మూడు దాటాక పడమర నుంచి ఏటవాలుగా వచ్చే ఎండను మాత్రం ఏ సన్‌షేడూ ఆపలేదు, వరండా ఆపుతుంది. అందుకని పాత భవనం నుంచి అరువు తెచ్చుకోవాల్సింది కమాను ఆకారం కంటే ముందు వరండా లోతు. ఎనిమిదడుగుల వరండా, స్తంభాల మధ్య అంతే దూరం, పాత కిటికీల పైగీత ఎక్కడుందో కొత్త కిటికీల పైగీత అక్కడే. పడమటి వైపు ఇటుక జాలీ గోడ. మెటీరియల్ కొత్తదైనా ఈ కొలతలు కుదిరితే రెండు భవనాలు ఒక కుటుంబంలా కనబడతాయి. 

సున్నం విషయంలో గుంటూరు, విజయవాడలకు ఉన్న అదృష్టం చాలా ఊళ్లకు లేదు. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు. పాత గోడలకు మరమ్మతు చేయాల్సింది సున్నంతోనే. సిమెంటు ప్లాస్టరు పూస్తే నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటకు పోలేక గోడలోనే పైకి పాకుతుంది, ఉప్పు పొంగి ఇటుక పొడిపొడి రాలుతుంది. అడుగు భాగాన సిమెంటు పట్టీ కొట్టిన పాత గోడల్లో, ఆ పట్టీ పైన మళ్లీ పెచ్చులూడటం అందుకే. అయితే పిడుగురాళ్ల సున్నం ఎక్కువగా తెల్లటి గాలి సున్నం, తనంతట తాను నెమ్మదిగా గట్టిపడుతుంది. అందులో ఇటుక పొడి, అంటే సుర్కీ, కలపాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం పాత మేస్త్రీలకు అలవాటు. మొదట తీయాల్సింది పిట్టగోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కలు. పైన కోసేసి వదిలితే వేరు లోపల లావవుతూనే ఉంటుంది, వేరుతో సహా తీసి ఆ ఖాళీని సున్నంతో నింపాలి.

ఇక్కడే క్యాలెండరు చిక్కు వస్తుంది. స్కూల్లో పని చేయడానికి దొరికేది వేసవి సెలవులు, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. నలభై ఐదు డిగ్రీల ఎండలో సున్నం పూస్తే గట్టిపడకముందే ఎండిపోయి నెరియలిస్తుంది. కాబట్టి చప్పుడు, దుమ్ము ఉండే తవ్వకం, పైల్స్, ఫ్రేము పని సెలవుల్లో మొదలుపెట్టి, సున్నం పని దసరా దాటాక సంక్రాంతి లోపు పెట్టుకోవడం మేలు. అది నెమ్మదిగా, నిశ్శబ్దంగా సాగే పని. ఒక్కో గది ఖాళీ చేసుకుంటూ పాఠాలు ఆపకుండానే చేయొచ్చు, పిల్లలకు చూపించి పాఠంగానూ చెప్పొచ్చు.

చట్టాల్లో ఒకటి మాత్రం ముందే చూసుకోవాలి. విజయవాడ నడిబొడ్డున మొగల్రాజపురం గుహలు, ఇంద్రకీలాద్రి దిగువన అక్కన్న మాదన్న గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా, అంటే మొత్తం 300 మీటర్ల వరకు, అనుమతి ఉండాలి. బడి ఆ పరిధిలో ఉందో లేదో ఆర్కిటెక్టును పిలవడానికి ముందే సర్వే చేయించుకుంటే డబ్బూ కాలమూ మిగులుతాయి. ప్రభుత్వ బడుల్లో 2019లో మొదలైన నాడు-నేడు లాంటి పథకాలు మరుగుదొడ్లు, తాగునీరు, అదనపు తరగతి గదులకు నిధులు తెచ్చాయి. అన్ని బడులకూ ఒకే నమూనా అన్నది అలాంటి పథకాలకు తప్పని బలహీనత. వందేళ్ల బడికి రెడీమేడ్ ప్లాను సరిపోదు, కనీసం ఎక్కడ పెట్టాలన్నదైనా ఆ ఆవరణ చూసి నిర్ణయించాలి. మైదానాన్ని మింగేలా మాత్రం కట్టకూడదు.

అంతా సవ్యంగా కట్టినా ఒకచోట నీళ్లు కారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, రెండు భవనాలు కలిసేచోట. మధ్య సందు మీద రేకు కప్పుతారు, దాని పక్కన కాలువ ఉంటుంది. ఆవరణలో వేపచెట్టు ఉంటే ఆకు రాలి ఆ కాలువలోనే చేరుతుంది. జూన్‌లో మొదటి పెద్దవానకు అది నిండి పాత గోడలోకి తిరుగుతుంది. రేకును ఒక భవనానికే బిగించి రెండోదాని మీద వదులుగా వాల్చాలి. రెండువైపులా బోల్టులు వేస్తే భవనాలు కదిలినప్పుడు చిరిగిపోతుంది. ఒక వానాకాలం దాటేదాకా కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఆపి ఉంచాలి. ఆ తర్వాత ఏటా బడి తెరిచే ముందు నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఆకు తీసి, బకెట్టు నీళ్లు పోసి చూడాలి. ఆ పని ఎవరిదో, ఏ తేదీలోపు చేయాలో హెచ్‌ఎం గదిలోని రిజిస్టరులో రాసి ఉండాలి, చేశాక సంతకం పెట్టాలి.